స్క్రీన్ కడిగే మందులు: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవచ్చు

స్క్రీన్ ప్రింటింగులో వేసిన శుభలేఖ మీద ‘ధనలక్ష్మి’ కాస్తా ‘దనలక్ష్మి’ అయి అచ్చయిందనుకోండి. డీటీపీలో సరిగ్గానే ఉంది, డిజైను దించిన పారదర్శక ఫిల్మ్, అంటే పాజిటివ్‌లోనూ గీత నల్లగా కనిపిస్తోంది. మరి ఎక్కడ పోయినట్టు? సన్నటి అక్షరాల్లో ‘ధ’ అడుగున ఉండే ఆ చిన్న గీత పావు మిల్లీమీటరు ఉంటే ఎక్కువ. ఫ్రేముకు బిగించిన జల్లెడలాంటి గుడ్డే మెష్, సిరా దాని కన్నాల్లోంచే దిగుతుంది. సెంటీమీటరుకు 120 దారాలుండే 120టీ మెష్‌లో అది మూడు కన్నాల వెడల్పు. అంతకుముందు వేసిన జాబు (అచ్చుపని) తాలూకు ఎండిన సిరాయో, పూర్తిగా ఊడని పాత ఎమల్షనో (వెలుతురుకు గట్టిపడి, డిజైను లేని చోట కన్నాలు మూసే పూత) అందులో రెండు కన్నాలు మూసేస్తే చాలు, గీత లేనట్టే. పిన్‌హోల్‌ది ఇందుకు తలకిందుల వ్యవహారం. మెష్ మీద వేలి జిడ్డు ఉన్నచోట ఎమల్షన్ పట్టదు. డెవలప్ చేసేటప్పుడు, అంటే వెలుతురు తగలని పూతను నీళ్లతో కడిగేటప్పుడు, అక్కడ సూదిమొనంత కన్నం పడుతుంది, అచ్చులో అక్షరం పక్కన లేని చుక్క పుడుతుంది. వొత్తులూ గుణింతాలూ నిండిన మన లిపిలో ఒక చుక్క ఎక్కువైనా ఒక గీత తక్కువైనా పేరే మారిపోతుంది. ఈ రెండు జబ్బులూ ఎక్కువగా ఎమల్షన్‌కు వెలుతురు పెట్టే ఎక్స్‌పోజింగ్ గదిలో కాదు, కడిగే తొట్టిలో పుడతాయి.

అందుకని ఈ సమీక్షలో సిరాల జోలికీ ఎమల్షన్ల జోలికీ పోవడం లేదు. పాత స్క్రీన్‌ను మళ్లీ కొత్తదానిలా చేయడానికి బజారులో దొరికే మందులు ఏవి పనికొస్తాయో, ఏవి దండగో, వాటికి బదులు వంటింటి సరుకులు ఎంతవరకు నడుస్తాయో చూస్తున్నాం. ఎవరి కోసమంటే హైదరాబాద్ ఛత్తా బజార్‌లోనో విజయవాడలోనో ఒకటి రెండు గదుల్లో శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, స్టిక్కర్లు, గుడ్డ సంచులు, టీషర్టులు వేసే చిన్న ప్రింటింగు షాపుల కోసం. పాలియెస్టర్ మెష్, చెక్క లేదా అల్యూమినియం ఫ్రేములు, రోజుకు పది పదిహేను స్క్రీన్ల పని అనుకుందాం.

ముందు పేర్ల గందరగోళం తీరాలి. కొట్టులో ‘క్లీనర్’ అని అడిగితే నాలుగు వేర్వేరు వస్తువుల్లో ఏదో ఒకటి చేతిలో పెడతారు. సిరా తుడిచేది స్క్రీన్ వాష్. డిజైను పడిన ఎమల్షన్ పొరను, అంటే స్టెన్సిల్‌ను, ఊడగొట్టేది స్టెన్సిల్ రిమూవర్. మెష్ దారాల్లో ఇంకిపోయిన మరకను తీసేది హేజ్ రిమూవర్. చివరగా జిడ్డు వదిలించేది డీగ్రీజర్. ఒకదాని పని ఇంకొకటి చేయదు. ఉలానో కంపెనీ వీటికి అంకెలే ఇచ్చింది: 3 డీగ్రీజర్, 4 స్టెన్సిల్ రిమూవర్, 5 హేజ్ రిమూవర్. చదువు అంతంతమాత్రంగా వచ్చిన కుర్రాడు కూడా డబ్బా తప్పు తీయకుండా ఉండడానికి ఈ పద్ధతి బాగుంటుంది. ఏ కంపెనీ మందు కొన్నా మార్కరుతో సీసాల మీద పెద్దగా 1, 2, 3, 4 అని వాడే వరుసలో రాసి పెట్టుకోవడం మంచిది.

ఆ వరుస మారకూడదు. సిరా పొర మిగిలి ఉంటే రిమూవర్ నీళ్లు ఎమల్షన్ దాకా పోలేవు. అది నీళ్లలో కలిపిన మందు, సాల్వెంట్ సిరా దాన్ని లోపలికి రానివ్వదు. రిమూవర్ పనిచేయలేదని చెప్పే ఫిర్యాదుల్లో చాలా వాటికి అసలు కారణం సిరా సరిగా తుడవకపోవడమే. ఫ్రేము లోపలి అంచుల్లో అంటించిన బ్రౌన్ టేపు కూడా ముందే పీకేయాలి. దాని జిగురు మెష్ మీద ఉండిపోతే దాని కింద ఎమల్షన్ పట్టీలాగా మిగులుతుంది.

సిరా తుడిచే మందు

దీని గురించి ఎక్కువ చెప్పేది లేదు. రెడీమేడ్ స్క్రీన్ వాష్ మంచిదే, కానీ చిన్న షాపుకు తప్పనిసరి కాదు. మీరు వాడే సిరాకు కంపెనీ చెప్పిన రెడ్యూసరో థిన్నరో వేస్టు గుడ్డతో రెండు వైపులా ఒకేసారి పెట్టి తుడిస్తే అదే పని అవుతుంది. ఒక చేయి పైన, ఒక చేయి కింద. ఒకే వైపు నుంచి తుడిస్తే సిరా రెండో వైపుకు పోయి కూర్చుంటుంది. అచ్చు అయిన వెంటనే తుడిస్తే నాలుగో వంతు మందు సరిపోతుంది. రాత్రంతా వదిలేసి పొద్దున్న తుడిస్తే అది హేజ్ రిమూవర్ దాకా పోవలసిన పని అవుతుంది. హేజ్ ఖర్చు తగ్గించే అసలు మందు ఇదే, సిరా తడిగా ఉండగానే తుడవడం.

కిరోసిన్ మాత్రం వద్దు. సిరా కరుగుతుంది, నిజమే. కానీ వెనక నూనె పొర ఒకటి వదిలిపోతుంది. రిమూవర్ దాన్ని చొచ్చుకుపోదు, డీగ్రీజర్ రెండుసార్లు పెట్టాలి. పెట్రోలు వాడే చోట్లు ఇంకా ఉన్నాయి. మూసిన గదిలో, ఫ్యాన్ స్విచ్ పక్కన, ఎక్స్‌పోజింగ్ లైటు దగ్గర పెట్రోలు తడిపిన గుడ్డలు పోగెయ్యడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఘాటైన సాల్వెంట్లతో ఇంకో చిక్కు, అల్యూమినియం ఫ్రేముకు మెష్ అంటించిన జిగురును కూడా కొన్ని మెత్తబరుస్తాయి. అంచుల దగ్గర మెష్ జారుతుంటే టెన్షన్ పోయిందని మెష్‌ను తిట్టుకునే ముందు థిన్నరు ఎక్కడెక్కడ పారుతోందో చూడండి.

సిరా పోయాక ఒకసారి నీళ్లతో, కొద్దిగా డీగ్రీజర్‌తో కడిగేయాలి. సాల్వెంటు తడి మిగిలి ఉన్న మెష్ మీద రిమూవర్ పోస్తే తామరాకు మీద నీళ్లలా జారిపోతుంది.

స్టెన్సిల్ రిమూవర్: డబ్బు పెట్టవలసిన చోటు

ఈ నాలుగింటిలో ఒక్కటే మంచిది కొనగలిగితే ఇదే కొనాలి. బజారులో మూడు రూపాల్లో ఉంటుంది: వాడకానికి సిద్ధంగా ఉన్న ద్రవం, కలుపుకునే చిక్కటి ద్రవం, పొడి. మూడింటిలోనూ పనిచేసే సరుకు మామూలుగా ఒకటే, సోడియం మెటాపీరియోడేట్. ఎమల్షన్‌లో పాలీవినైల్ ఆల్కహాల్ గొలుసులు ఉంటాయి. వెలుతురు తగిలినప్పుడు అవి ఒకదానితో ఒకటి ముడిపడి నీళ్లకు కరగకుండా గట్టిపడతాయి. పీరియోడేట్ ఆ గొలుసుల్లో కొన్ని చోట్ల పక్కపక్కనే ఉండే జంట హైడ్రాక్సిల్ గ్రూపులను పట్టుకుని తెంపుతుంది. గొలుసు ముక్కలైతే పొర మెత్తబడి నీళ్ల దెబ్బకు రాలిపోతుంది. ఈ మందు మెష్ పాలియెస్టర్‌ను ముట్టదు. బ్లీచింగ్‌కూ దీనికీ తేడా అక్కడే ఉంది.

మా ఓటు పొడికి. లీటరు నీటికి 10 నుంచి 20 గ్రాములు కలిపితే చాలు. డబ్బా మీద వేరే కొలత ఉంటే అదే పాటించండి. 15కి 20 అంగుళాల ఫ్రేముకు రెండు వైపులా కలిపి సుమారు 50 మిల్లీలీటర్లు పడుతుంది. 20 గ్రాముల లెక్కన స్క్రీన్‌కు 1 గ్రాము పొడి. అంటే 100 గ్రాముల పొట్లం 100 స్క్రీన్లు విప్పుతుంది. వాడకానికి సిద్ధంగా ఉన్న ద్రవం కొంటే అందులో దాదాపు అంతా నీళ్లే. ఆ నీళ్లకూ రవాణాకూ మీరే డబ్బు కడతారు. చేతి స్ప్రే సీసా, చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఉన్న షాపుకు పొడి కంటే చౌకైన దారి లేదు. కొలిచే ఓపిక లేనిచోట చిక్కటి ద్రవం కొనుక్కోవడం మేలు. చేతికి వచ్చినంత పొడి గుప్పిట్లో తీసి వేస్తే పొదుపు అంతా తొట్టిలో పోతుంది. బలం రెట్టింపు చేస్తే పని రెట్టింపు వేగంగా కాదు.

లేబుల్ లేని లూజు పొడి కొనేటప్పుడు రెండు పరీక్షలు చేయండి. 100 మిల్లీలీటర్ల తాగునీటిలో 2 గ్రాములు వేసి కలపండి. పూర్తిగా కరిగి తేటగా రావాలి. అడుగున తెల్లటి మడ్డి నిలిస్తే ఇంకేదో కలిపారు. రెండోది, మూత తీయగానే ఈతకొలను వాసన గుప్పుమంటే అది బ్లీచింగ్, పీరియోడేట్ కాదు. తర్వాత పనికిరాని పాత స్క్రీన్ మూల మీద చల్లి చూడండి. మంచి సరుకైతే ఒకటి రెండు నిమిషాల్లో పొర వదులై, రంగు నీళ్లలాగా కారడం మొదలవుతుంది.

వాడే తీరులోనే అసలు కిటుకు ఉంది. స్క్రీన్‌ను ముందు తడపాలి. నీరు కారిపోయేదాకా ఆగి రెండు వైపులా మందు చల్లి, దానికే కేటాయించిన మెత్తటి నైలాన్ బ్రష్‌తో గుండ్రంగా తిప్పుతూ రుద్దాలి. ఒకటి నుంచి రెండు నిమిషాలు ఆగాలి. మధ్యలో ఎక్కడైనా ఆరుతున్నట్టు కనిపిస్తే మళ్లీ చల్లాలి. రిమూవర్ స్క్రీన్ మీద ఆరిపోకూడదు. ఈ పనిలో తిరిగి సరిదిద్దలేని తప్పు ఇదే. మందు ఆరిపోయిన చోట ఎమల్షన్ మెత్తబడ్డాక మళ్లీ గట్టిపడి మెష్‌కు అతుక్కుపోతుంది. ఆ తర్వాత ఏ మందూ దాన్ని కదపదు, మెష్ కోసి కొత్తది వేయాల్సిందే. మే నెలలో మధ్యాహ్నం రేకుల షెడ్డులో అయిదు స్క్రీన్లకు ఒకేసారి మందు కొట్టి వరసగా నిలబెడితే చివరిది ఆరిపోయి ఉంటుంది. ఎండాకాలం ఒక్కో స్క్రీన్ చొప్పునే చేయాలి, తొట్టిని నీడలో పెట్టుకోవాలి.

తర్వాత మామూలు పైపు నీళ్లతో వదులైన దాన్ని కడిగి, అప్పుడు ప్రెషర్ పెట్టాలి. 1000 నుంచి 1500 పీఎస్‌ఐ సరిపోతుంది. బైకులు కడిగే పంపులు చాలావరకు ఈ ఒత్తిడి ఇస్తాయి. విసనకర్రలా పరుచుకునే నాజిల్ పెట్టాలి, సూదిలా ఒకే ధార కొట్టేది వద్దు. సూది ధార 120టీ మెష్‌ను చీల్చేయగలదు. ప్రెషర్ లేకుండా ఒట్టి బ్రష్‌తో అరగంట తోమేవాళ్లు మందు మీద నింద వేస్తారు. నిజానికి మందు మెత్తబరుస్తుంది, ఊడగొట్టేది నీళ్ల దెబ్బ. పంపు లేనివాళ్లకు ఏ కంపెనీ రిమూవరూ పూర్తిగా నచ్చదు, ఆ డబ్బు ముందు పంపు మీద పెట్టాలి.

కొన్ని స్క్రీన్లు ఎంత చేసినా విప్పుకోవు. కారణం రిమూవర్‌లో ఉండదు. వాటర్‌బేస్ సిరాతో గుడ్డ మీద వేలకొద్దీ అచ్చులు తీయడానికి స్టెన్సిల్ మీద దాన్ని ఇంకా గట్టిపరిచే హార్డ్‌నర్ పూసి ఉంటారు. హార్డ్‌నర్ పడ్డ స్టెన్సిల్ శాశ్వతం అనుకోవడమే మేలు. ఇంకో రకం, ఎక్స్‌పోజర్ తక్కువైన స్టెన్సిల్. లోపలి వైపు పూర్తిగా గట్టిపడక జిగటగా ఉండి, సిరా సాల్వెంటును పీల్చుకుని మొండికేస్తుంది. ఎక్స్‌పోజర్ సరిగా ఉన్న స్క్రీన్ విప్పడమూ తేలిక. ఎమల్షన్ వెలుతురుకు గట్టిపడేలా కలిపే మందు సెన్సిటైజర్. నారింజ రంగు డైక్రోమేట్ సెన్సిటైజర్ కలిపిన ఎమల్షన్లు కూడా డయాజో సెన్సిటైజర్ కలిపినవాటి కంటే మొండివి. డైక్రోమేట్‌లో ఉండే ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం, కడిగిన నీళ్లతో చెరువుల్లోకి పోతుంది. చౌక కనుక ఇంకా నడుస్తోంది, కానీ మానగలిగినవాళ్లు మానాలి. జెలటిన్ ఫిల్మ్ స్టెన్సిళ్లకు దారి వేరు, వాటికి ఎంజైమ్ పొడి ఉంటుంది. ఎంజైమ్ వాడితే చివర వేడినీళ్లతోనో పల్చటి వెనిగర్‌తోనో దాని పని ఆపాలి. లేకపోతే మెష్‌లో మిగిలిన ఎంజైమ్ రేపటి కొత్త స్టెన్సిల్‌ను లోపలి నుంచి తినేస్తుంది.

బ్లీచింగ్ సంగతి. ఇంటికి వాడే ద్రవం బ్లీచ్ డయాజో ఎమల్షన్‌ను తీస్తుంది, కాదనలేం. కానీ నెమ్మదిగా, గట్టి వాసనతో, ఎక్కువ మోతాదులో. అల్యూమినియం ఫ్రేమును తింటుంది. నైలాన్ మెష్ అయితే దారం పెళుసెక్కుతుంది. సున్నంలా కనిపించే బ్లీచింగ్ పొడి ఇంకా అధ్వాన్నం, సున్నపు మడ్డి మెష్ కన్నాల్లో కూర్చుంటుంది. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌తో బ్లీచ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన గదిలో అది ఊపిరి తీస్తుంది. ఇంత చేసి స్క్రీన్‌కు మిగిలేది పైసల్లోనే. మా దృష్టిలో బ్లీచింగ్‌కు ఈ పనిలో చోటు లేదు.

పొడి రిమూవర్‌ను ప్లాస్టిక్ డబ్బాలోనే ఉంచాలి. ఇనుప డబ్బాలు, తడి చెంచా, థిన్నరు గుడ్డల పక్కన అల్మారా, ఇవేవీ పనికిరావు. అది ఆక్సిడైజర్, మండే సరుకు దగ్గర ఉండకూడదు. కలిపిన నీళ్లు ముదురు రంగు ప్లాస్టిక్ సీసాలో పోసి, తేదీ రాసి, వారం పది రోజులకు సరిపడా మాత్రమే కలుపుకోండి.

హేజ్ రిమూవర్: కావాలి, కానీ ఇంత వద్దు

ఎమల్షన్ పోయాక వెలుతురుకు ఎత్తి చూస్తే పాత డిజైను నీడలా కనిపిస్తుంది. వెంటనే పేస్టు పూయాలని చెయ్యి లాగుతుంది. ఆగి ఒకటి చూడాలి, ఆ నీడ రంగు మాత్రమేనా, కన్నాలు కూడా మూసుకున్నాయా? భూతద్దం పెట్టి చూస్తే తెలిసిపోతుంది. దారానికి రంగు పట్టి కన్నం తెరిచే ఉంటే మామూలు జాబులకు ఏ నష్టమూ లేదు. కన్నం మూలల్లో సిరా పేరుకుని ఉంటే మాత్రం తదుపరి అచ్చులో పాత డిజైను ఘోస్ట్‌లా తేలుతుంది. నిండు రంగు ప్యాచ్ వేసే జాబుల్లో అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

బజారులో ఎక్కువగా దొరికేది కాస్టిక్ పేస్టు. సోడియం లేదా పొటాషియం హైడ్రాక్సైడ్‌తో పాటు సాల్వెంట్ కలిపి ఉంటుంది. పని గట్టిగా చేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ పాలియెస్టర్ దారాన్ని గట్టి క్షారం మెల్లగా కరిగిస్తుంది. మందు వేడెక్కితే ఆ పని వేగం అందుకుంటుంది. డబ్బా మీద 5 నుంచి 10 నిమిషాలు అని ఉంటే అదే హద్దు. రాత్రి పూసి పొద్దున్న కడిగే అలవాటు ఉన్నచోట మెష్ నాలుగైదు సార్లకే పల్చబడి, సిరాను నెట్టే రబ్బరు పట్టీ (స్క్వీజీ) లాగుతుండగా మూల దగ్గర చిరుగుతుంది. మెష్ నాసిరకం అని నింద వస్తుంది. అల్యూమినియం ఫ్రేము మీద పేస్టు పడితే బుడగలు వస్తాయి, అది లోహం కరుగుతున్న గుర్తు. అందుకే మరక ఉన్నచోట మాత్రమే, ఫ్రేము అంచుకు రెండు వేళ్ల దూరం వదిలి పూయాలి. కడిగేటప్పుడు ముందు పల్చటి ధారతో, ఆ తర్వాతే ప్రెషర్‌తో. మొదటే ప్రెషర్ పెడితే కాస్టిక్ తుంపరలు కంట్లో పడతాయి. రబ్బరు గ్లవుజులు, కంటికి మూసుండే కళ్లద్దాలు లేకుండా ఈ డబ్బా మూత తీయనివ్వకండి.

కాస్టిక్ లేని హేజ్ రిమూవర్లు ఖరీదు ఎక్కువ, పనిలో కొంచెం నెమ్మది. రోజూ ఒకే రంగు, ఒకే రకం జాబు తిరిగే షాపుకు అవి చాలు. మా సలహా అయితే ఇది: స్క్రీన్ స్క్రీన్‌కూ హేజ్ పెట్టకుండా, నాలుగైదు జాబులకు ఒకసారి, అది కూడా భూతద్దంలో కన్నం మూసుకున్నట్టు కనిపిస్తేనే. పెద్ద డబ్బా కాదు, చిన్నది కొనండి.

రిమూవర్‌నూ హేజ్ పేస్టునూ కలిపి వాడకూడదు. ఒకటి ఆక్సిడైజర్, రెండోది సాల్వెంట్ కలిసిన క్షారం. నడుమ నిండుగా నీళ్లు పోసి కడగడం తప్పనిసరి.

డీగ్రీజర్: చిన్న ఖర్చు, పెద్ద లాభం

ఎక్కువ షాపులు పొదుపు చేసేది ఇక్కడే, ఎక్కువ నష్టపోయేదీ ఇక్కడే. ‘సబ్బే కదా, గిన్నెలు తోమే లిక్విడ్ చాలదా’ అన్న ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలంటే మెష్‌ను బట్టి. 43టీ మీద గుడ్డ సంచికి పెద్ద అక్షరాలు వేస్తే చాలుతుంది. 90టీ దాటితే చాలదు. గిన్నెల లిక్విడ్‌లో చేతులు పొడిబారకుండా కలిపే మెత్తటి పదార్థాలు, సువాసన, రంగు ఉంటాయి. ఎంత కడిగినా వాటి పొర కొంత దారం మీద నిలుస్తుంది. బట్టల సబ్బు పొడిలో తెల్లదనం కోసం కలిపే పదార్థాలూ, కరగని ఫిల్లర్లూ ఉంటాయి. డీగ్రీజర్ పని అందుకు తలకిందులు. జిడ్డును పట్టుకుని, నీళ్లతో ఏమీ మిగలకుండా పోవాలి. ఏమీ మిగల్చదు కాబట్టే దానికి ఆ ధర.

చిక్కటి డీగ్రీజర్లను డబ్బా చెప్పిన కొలతలో నీళ్లు కలిపి వాడాలి. 1కి 10 నుంచి 1కి 40 దాకా రకరకాలుగా ఉంటాయి. చిక్కగా వాడితే మేలు కాదు, మిగిలిన సబ్బే కొత్త జిడ్డు. రెండు వైపులా చల్లి మెత్తటి బ్రష్‌తో నురగ వచ్చేదాకా రుద్దాలి. అర నిమిషం ఆగి, పై నుంచి కిందికి పల్చటి ధారతో కడగాలి. ఫ్రేము పక్కలూ అడుగు అంచూ కూడా కడగాలి. అక్కడ నిలిచిన నురగ ఆరేటప్పుడు మెష్ మీదికి జారి గీతలు గీతలుగా ఆరుతుంది. అక్కడే రేపు పిన్‌హోళ్లు వరసగా వస్తాయి.

సరిపోయిందో లేదో చెప్పే పరీక్ష కళ్లముందే ఉంది. పైపు ఆపాక నీరు మెష్ మీద అద్దంలా ఒకే పొరగా నిలిచి మెల్లగా జారితే జిడ్డు లేదు. ఎక్కడైనా ముత్యాల్లా విడిపోయి చుక్కలైతే అక్కడ జిడ్డు ఉంది, మళ్లీ రుద్దాలి. ఈ పరీక్షకు పది సెకన్లు పడుతుంది. ఇది చేసే షాపులో ఎమల్షన్ మీద చేపకళ్లలాంటి గుండ్రటి మచ్చలు దాదాపు కనిపించవు.

ఆ తర్వాత మెష్‌ను ముట్టకూడదు. ఒక వేలు తగిలితే ఆ వేలిముద్ర ఆకారంలోనే స్టెన్సిల్ ఊడడం చూడొచ్చు. తలకు కొబ్బరినూనె రాసుకుని అదే చేత్తో స్క్రీన్ పట్టుకోవడం, టిఫిన్ తిని చేతులు సగం కడుక్కుని కోటింగుకు దిగడం, ఇవన్నీ పిన్‌హోళ్లుగా తేలతాయి.

నీళ్లు, బ్రష్‌లు, ఆరబెట్టడం

మందులు ఎంత మంచివైనా నీళ్లు చెడగొడతాయి. ఉప్పు ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు పడే ఊళ్లలో స్క్రీన్ ఆరాక తెల్లటి చుక్కలు మిగులుతాయి. అవి సున్నపు ఉప్పులు. వాటి మీద ఎమల్షన్ పట్టదు. పొడవునా బోరు నీళ్లతో కడిగినా ఫరవాలేదు, చివరిసారి మాత్రం ఒక లీటరు ఆర్వో నీళ్లు పైనుంచి పారేలా పోయండి. ఆర్వో మిషన్ వదిలే వృథా నీరు కాదు, శుభ్రమైనదే. ఖర్చు కొద్దిగా, తేడా బోలెడు.

బ్రష్‌లు మూడు విడిగా ఉండాలి, రిమూవర్‌కు ఒకటి, హేజ్‌కు ఒకటి, డీగ్రీజర్‌కు ఒకటి. పిడులకు మూడు రంగుల టేపు చుట్టండి. రిమూవర్ అంటిన బ్రష్‌తో డీగ్రీజర్ రుద్దితే ఆ మందు జాడ మెష్‌లో ఉండిపోయి కొత్త స్టెన్సిల్‌ను డెవలప్ చేసేటప్పుడే కరిగిస్తుంది. అందుకే కోటింగు చేసిన స్క్రీన్ల దగ్గర రిమూవర్ స్ప్రే కొట్టకూడదు, తుంపర గాలిలో ప్రయాణం చేస్తుంది. చెక్క ఫ్రేము వాడేవాళ్లు ఫ్రేముకు రెండు పూతలు వార్నిష్ వేయించుకోవాలి. పచ్చి చెక్క మందులన్నీ పీల్చి, ఆరేటప్పుడు మెష్ మీదికి వదులుతుంది.

ఆరబెట్టడానికి ఫ్యాన్ గాలి చాలు, 40 డిగ్రీలు దాటనివ్వకండి. ఎండలో పెడితే దుమ్ము పడుతుంది. కోస్తా ఊళ్లలో వానాకాలం గాలిలో తేమ 80 శాతం దాటిన రోజుల్లో అసలు చిక్కు. మెష్ చేతికి ఆరినట్టే ఉంటుంది, తేమ లోపలే ఉంటుంది. దానిమీద కోటింగు వేస్తే ఎమల్షన్ కూడా సరిగా ఆరదు. ఎక్స్‌పోజ్ చేసినప్పుడు తడి పొర గట్టిపడక డెవలప్‌లో కరిగిపోతుంది, తిట్లన్నీ సెన్సిటైజర్‌కు పోతాయి. మూసిన చిన్న గదిలో డీహ్యూమిడిఫయర్ ఒకటి పెట్టి తేమను 50 శాతం దరిదాపుల్లో ఉంచగలిగితే ఈ బాధ తీరుతుంది. అంత పెట్టలేకపోతే కోటింగుకు ముందు స్క్రీన్‌ను ఫ్యాన్ కింద మామూలు కంటే రెట్టింపు సేపు ఉంచడమే ఉపాయం.

మిగతా డబ్బాలు

మెష్ గరుకు చేసే పేస్టు ఫిల్మ్ స్టెన్సిల్ వాడేవాళ్లకు, అదీ కొత్త మెష్‌కు ఒక్కసారే అవసరం. ఎమల్షన్ పోసి కోటింగు చేసేవాళ్లకు అవసరం తక్కువ. కొనేవాళ్లు స్క్రీన్ కోసమే తయారు చేసిన మెత్తటి రకం తీసుకోవాలి. దానికి బదులు అంట్లు తోమే పొడి వాడితే గరుకు రేణువులు దారాలను కోస్తాయి, సన్న మెష్ కన్నాల్లో ఇరుక్కుని ఎన్నిసార్లు కడిగినా రావు.

సిరా, ఎమల్షన్ రెండూ ఒకేసారి తీస్తామని చెప్పే ‘టూ ఇన్ వన్’ ద్రవాలు డిప్ ట్యాంక్‌లో ముంచి పెట్టడానికి బాగుంటాయి. రోజుకు యాభై స్క్రీన్లు తిరిగే చోట ట్యాంక్ గిట్టుబాటు అవుతుంది. పది స్క్రీన్ల షాపులో ట్యాంక్ నింపిన మందు పూర్తిగా వాడకముందే బలం తగ్గిపోతుంది. చిన్న షాపుకు వద్దు.

కడగడానికి ముందు మెష్ బిగువు కూడా ఒకసారి చూడండి. టెన్షన్ మీటరు ఉంటే సెంటీమీటరుకు 18 నుంచి 25 న్యూటన్ల మధ్య రావాలి. 12 కంటే తగ్గిన స్క్రీన్‌కు ఎంత మంచి మందు పోసినా అచ్చు తర్వాత మెష్ కాగితం మీంచి టక్కున లేవదు, రంగులు కుదరవు. దానికి రిమూవర్ దండగ, మెష్ మార్పించండి.

తొట్టి అడుగున పాత బనియన్ గుడ్డ కట్టి నీళ్లు వడపోస్తే ఊడిన ఎమల్షన్ ముక్కలు మురుగు కాలువలోకి పోకుండా ఆగుతాయి. ఆ గుడ్డను ఆరబెట్టి చెత్తతో వేయాలి, కాలువలో దులపకూడదు. డైక్రోమేట్ వాడుతున్నవాళ్లు ఆ నీళ్లను విడిగా పట్టి, రసాయన వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వాలి. కడిగి ఆరిన స్క్రీన్లను దుమ్ము పడకుండా శుభ్రమైన పాలిథిన్ కవరు కప్పి నిలబెట్టండి, అదే రోజు కోటింగు వేసేయండి. మర్నాటికి మిగిలిపోతే కోటింగుకు ముందు మరొక్కసారి డీగ్రీజర్ పెట్టి, నీటి పొర పరీక్ష చేసి చూడండి.